బావ కట్టిన నంబరు

ఆఫీసు మెట్ల మీద తుపాకి గుండు తగిలి బావ కుప్పకూలిన గంటకే ఏజెంట్ నీడకి చీఫ్ నుంచి పిలుపు వచ్చింది.

"విదేశీ ముఠా పని. మీ బావకి ఆపరేషన్ జరుగుతోంది. సరిగ్గా ఆ థియేటర్ కిందే, జనరేటర్ గదిలో టైమ్ బాంబు పెట్టారు. మన దగ్గర దొంగిలించిందే. దాన్ని ఆపే కోడ్ నంబరు కట్టింది మీ బావే. స్పృహ తప్పేముందు పక్కనే ఉన్న మన ఏజెంట్ నెమలికి చెప్పాడట."

"బావని అక్కణ్ణుంచి తీసుకెళ్తే?"

"కదిపితే బతకడు. మీ అక్క తలుపు దగ్గరే కూర్చుంది."

"నంబరు తప్పు నొక్కితే?"

"అప్పుడే పేలుతుంది," అన్నాడు చీఫ్.

లిఫ్టు మెకానిక్ వేషంలో అతను జనరేటర్ గదికి చేరేసరికి నెమలి నర్సు యూనిఫామ్‌లో ఎదురుచూస్తోంది. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. అందగత్తె, ఆ సంగతి ఆమెకీ తెలుసు. లిప్‌స్టిక్ గొట్టం తిప్పి, అందులోంచి చిన్న కాగితం తీసి ఇచ్చింది.

27481545.

"చెక్ చేసుకో. అంకెలన్నీ కూడితే ముప్పై ఆరు. తొమ్మిదో ఎక్కంలో పడుతుంది. మీవాళ్ల గుర్తు అదేగా? నేను గేటు దగ్గర కాపలా ఉంటా."

అంత తొందరగా వెళ్లిపోవడం అతనికి నచ్చలేదు. బాంబు గడియారంలో రెండు నిమిషాలే ఉన్నాయి. మీట మీద వేలు పెట్టాడు.

భోజనాల దగ్గర బావ బుర్ర తింటూ చెప్పిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది.

"తొమ్మిదిని నమ్ముకోకురా. అంకెల చోటు మార్చినా మొత్తం మారదు. అందుకే నావి పదకొండో ఎక్కంలో కూడా పడతాయి. అంకె విడిచి అంకె కూడు, రెండు వరసలూ సమానం రావాలి. ఈ ముక్క ఇల్లు దాటకూడదు."

"కంచం ముందు లెక్కలేంటండీ," అని అక్క విసుక్కునేది.

నీడ పెదవులు కదుపుతూ కూడాడు. రెండు, నాలుగు, ఒకటి, నాలుగు: పదకొండు. ఏడు, ఎనిమిది, అయిదు, అయిదు: ఇరవై అయిదు. పద్నాలుగు తేడా. మొత్తం మాత్రం సరిపోయిందంటే, రెండు అంకెలు చోటు మారాయి. పెద్ద వరస నుంచి చిన్నదానికి ఏడు వెళ్లాలి. ఏడు తేడా ఉన్న జత ఒక్కటే, ఎనిమిదీ ఒకటీ.

బావ మగతలో వేరే ఏదైనా చెప్పి ఉంటే? పైన అక్క ఉంది. అతనికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని నొక్కాడు.

27418545.

చివరి సెకను దగ్గర ముల్లు ఆగింది. నేల మీద చతికిలబడి, వాచీ రేడియోలో గొణిగాడు. "నర్సుని గేటు దాటనివ్వకండి."

సాయంత్రం బావ కళ్లు తెరిచాడని కబురొచ్చాకే నీడ నెమలి ముందు కూర్చోగలిగాడు.

"తొమ్మిదికి సరిపోయిందిగా," అంది ఆమె, సంకెళ్లు చూసుకుంటూ. "ఎలా పట్టావ్?"

"ఒక్కపూట మా ఇంట్లో భోజనానికి కూర్చుని ఉంటే నీకూ తెలిసేది," అన్నాడు నీడ. "వద్దన్నా చెప్తాడు."