నలభై ఒకటో అరచెయ్యి

నాది ముందునుంచీ అనుమానపు బుద్ధి. తెల్లగా కనిపిస్తున్న పాలని కూడా వాసన చూసిగానీ తాగను.

పిల్లల ఆసుపత్రి కొత్త వార్డుకి విరాళమిచ్చిన నలభై మంది చేత పచ్చి మట్టిపలకల మీద అరచేతులు అద్దించాం, అక్కా నేనూ. వాటిని కాల్చి ఆసుపత్రి నడవా గోడకి అంటించాం. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. మా ఇద్దరికీ అన్నం పెట్టేవి మట్టి పిసికే ఆవిడ చేతులే.

ప్రారంభం రోజు దాతలంతా తమ గుర్తుల్లో చేతులు పెట్టి చూసుకుని నవ్వుకున్నారు. ఎవరికీ పట్టలేదు. కాలితే మట్టి కుంచించుకుపోతుంది, ఎవరి గుర్తు వాళ్ళకే ఇరుకవుతుంది.

వాళ్ళు వెళ్ళాక పలకలు లెక్కపెట్టాను. నలభై ఒకటి.

"ఇదెవరిదండీ?" అన్నాను ఆసుపత్రి ట్రస్టు కార్యదర్శితో.

"పేరు చెప్పొద్దన్న దాత లెండి," అన్నాడు, కుడిచెయ్యి జేబులోంచి తియ్యకుండానే.

మొహమాటపడి ఎవరినో దొడ్డిదారిన దూర్చాడనుకున్నాను. కానీ ఆ పలక దగ్గర తడిమట్టి వాసన. కాలిన మట్టికి ఆ వాసన ఉండదు.

"ముట్టుకోకక్కా," అన్నాను.

"నీ అనుమానం పాడుగానూ! పలకేమైనా కరుస్తుందా?" అంటూ అక్క అరచెయ్యి ఆనించేసింది. "ఒరేయ్... సరిగ్గా పట్టిందిరా!"

నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. చెయ్యి రాలేదు... నేను మణికట్టు పట్టుకుని లాగితే వచ్చింది. చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున అక్క ఉంగరం టీ గ్లాసులో జారిపడింది. సబ్బు రాసినా రాని ఉంగరం అది.

"చిక్కిపోయానేమో లేరా," అంది. మొహం మాత్రం ఎప్పట్లాగే బొద్దుగా ఉంది. నాకు భయం వేసింది.

ఉంగరం జేబులో వేసుకుని, ఉలీ సుత్తీ పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. ఆ గుర్తులో, వేలి మొదట్లో, ఉంగరం నొక్కు. నిన్న లేదు. ఉంగరం పెట్టి చూశాను... అతికినట్టు కూర్చుంది.

సుత్తి ఎత్తాను.

"కొట్టకండి," అని వెనక గుసగుస. కార్యదర్శి. "నేను కొట్టి చూశాను."

కుడిచెయ్యి జేబులోంచి తీశాడు. చంటిపిల్లాడి చెయ్యంత ఉంది.

నా ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్... గాజులు కూడా జారిపోతున్నాయిరా."