మిల్లు కాడ రెండు పిలుపులు

మూతవడ్డ రైసుమిల్లు కాడ చీకటైనంక ఎవ్వలు ఆగరు. రఘునాథపల్లి నుంచి మా ఊరికి వచ్చే తొవ్వల సరిగ్గ సగం దూరంల ఉంటది అది. పట్టపగలు గూడ గొర్లోళ్లు మందను అవుతలి గట్టు మీదికెళ్లి మలుపుకపోతరు. ఎన్కట బాయిలర్ పలిగి ఒక హమాలీ అండ్లనే సచ్చిండట. ఆయన పేరు గూడ ఇయ్యాల ఎవ్వలకు యాదికి లేదు. మిల్లు బందైంది, షావుకారు పట్నం పోయిండు... బుగులు మాత్రం ఈడనే మిగిలింది.

నేను ఉప్పలమ్మను. చౌరస్తల చాయ్ హోటల్ నాది. దయ్యాల ముచ్చట్లు నా కాడ పాలకంటె ముందు పొంగుతయి. సగం తాగినోళ్లు చెప్పేటియి, సగం తాగబోయేటోళ్లు చెప్పేటియి. నేను ఏదీ నమ్మ. గిది మాత్రం నా తమ్ముడు సంజీవకు జరిగింది. వాడు అబద్ధం ఆడడు, ఆడేటంత తెలివి లేదు వానికి.

ముందుగాల ఆ మంట సంగతి చెప్త.

సకల జనుల సమ్మె నడిచిన యేడు కంటె పదేండ్ల ముంగటి సందే ఆ మిల్లుల రాత్రి పూట నీలం మంట లేస్తుండె. ఒక్కపాలి గుప్పుమనుడు... ఆరిపోవుడు... మల్ల గుప్పుమనుడు. పలిగిన రేకుల సందులకెళ్లి ఆకాశం దాక ఎలుగు. మోటర్లు పెట్టనీకె పొలాలకు పోయిన రైతులే చూసిండ్రు దాన్ని. కొరివి దయ్యం అన్నరు. హమాలీ ఇంకా ఉడుకుతున్నడు అన్నరు. కల్లు గీసేటాయన ఒకాయన గొలుసుల సప్పుడు విని చెట్టెక్కే మోకు ముత్తాదు ఆడనే ఇడిచిపెట్టి ఉరికొచ్చిండు. మూడు దినాలు జరం.

మా వాళ్ల తెలివి చూడుండ్రి. మంట లేచేది మోటర్ల కరెంటు వచ్చినప్పుడే. కరెంటు పోతె మంట గూడ పోతది. దయ్యానికి త్రీఫేజ్ కరెంటు ఎందుకురా అని ఒక్కడు అడగలె!

సంజీవ అడిగిండు. వాడు కరెంటాఫీసుల హెల్పర్, రఘునాథపల్లి సబ్‌స్టేషన్ల రాత్రి డ్యూటీ. ఒకనాడు మిల్లు ఎనుక లైనుకు దొంగ కరెంటు కొండి తగిలిచ్చి ఉండుడు చూసిండు. ఆ వైరు పట్టుకొని లోపటికి పోయిండు. పోతె —

తండ వాల్యా. మొకానికి నల్లద్దం అడ్డం పెట్టుకొని వెల్డింగు కొడుతున్నడు.

"అన్నా... నీ కాల్మొక్త, ఎవ్వలకు చెప్పకు," అన్నడట గుసగుసగ.

వాల్యా పుణెల బిల్డింగు పనికి పోయి, ఆడ ఒక గ్యారేజీల కుదురుకున్నోడు. ఆ గ్యారేజీ గోడకు ఒక క్యాలెండరు ఉండెనట. అండ్ల ఎర్ర కారు. పాతకాలపు కారును కోసి, వంచి, బానెట్ పీకేసి, ఇంజను బయటికే కనవడేటట్టు చేసిండ్రు. హాట్ రాడ్ అంటరట దాన్ని. వాల్యాకు ఆ బొమ్మ నెత్తికెక్కింది. తండకు తిరిగొచ్చేటప్పుడు పైసలు తెచ్చిండో లేదో గాని ఆ కాగితం మాత్రం మడత పెట్టి తెచ్చుకున్నడు. షావుకారు మిల్లు తాళం ఇచ్చి కావలి పెడితె, ఇగ అండ్లనే కొలువు పెట్టిండు. పదకొండేండ్లు!

పాత జీపు చాసీ. అంబాసిడర్ ఇంజను. వెనుకకు ట్రాలీ టైర్లు, ముందటికి సన్న టైర్లు. పక్కకెళ్లి నాలుగు పైపులు. ఒక్కొక్క సామాను ఒక్కొక్క ఊర్ల ఏరుకొచ్చిండు. పగలంత ట్రాక్టర్ల రిపేరు, రాత్రంత గిది. తండల ఎవ్వలన్న ఎరుకైతె సామాన్లు ఎత్తుకపోతరని బుగులు, ఆఫీసోళ్లకు ఎరుకైతె కొండి పీకుతరని బుగులు. అందుకని దయ్యాన్ని వాడే సాదుకున్నడు. ఎవ్వలన్న దగ్గరికి వస్తున్నరంటె గొలుసు గుంజుడు, మూలుగుడు. హోటల్ల కూసోని, "నేను కావలున్నోన్ని, నేనే లోపటికి పోను అక్కా," అని అందరి ముంగట చెప్పుడు. నేను మూతి ముడుచుకొని నవ్వుకునేదాన్ని. సంజీవ నాకు ఒక్కదానికే చెప్పిండు మరి.

ఒక్కసారి పోయి చూసిన గూడ.

"గిదేం బండిరా, తోలు ఒలిచిన మేక లెక్కున్నది," అన్న.

వాడు అలుగలె. పాత చెద్దరుతోని సీటు తుడిచి, "కూసో అక్కా," అన్నడు. కూసున్న. స్టీరింగు లేదు, రంగు లేదు. వాడు మాత్రం ముంగట నిలవడి, నేను ఏదో రాణినన్నట్టు చూస్తున్నడు. "దసరా నాడు ఆయుధపూజ చేసి బయటికి తీస్త. తెలంగాణ వచ్చిన నాడు జనగామ చౌరస్త దాక తోల్త. నీలి ఒక దిక్కు, నువ్వు ఒక దిక్కు," అన్నడు. నీలి వాని పెండ్లాం. నాకు గప్పుడు నవ్వు రాలె. పదకొండేండ్లు ఒక్కదాన్నే పట్టుకొని కూసున్న మనిషిని చూస్తె ఎట్ల నవ్వుతం?

గంతల్నే సమ్మె వచ్చింది.

బస్సులు బంద్, బడులు బంద్. భూపాలపల్లి దిక్కు బొగ్గు బాయిలు బంద్. బొగ్గు లేకపోతె కరెంటు ఏడికెళ్లి వస్తది? ఎప్పుడిస్తరో ఎప్పుడు తీస్తరో దేవునికే ఎరుక. వాల్యా రోజు పొద్దుగాల వచ్చి కూసునేటోడు. "దసరా ఇంక తొమ్మిది దినాలే అక్కా." మల్ల, "ఇంక ఏడు దినాలే." స్టీరింగు బిగిచ్చేటి కాడ కింద నాలుగు అతుకులు పడాలె. ఇంజనంత తయారు, నాలుగు అతుకులు లేవు! అంగట్ల అన్ని ఉన్నయి, అల్లుని నోట్ల శని ఉన్నదన్నట్టు అయింది వాని బతుకు.

"సంజీవన్నా, ఒక్క రెండు గంటలు ఇయ్యరాదె," అని బతిమాలుతుండె.

"నా చేతులుంటె గద! ఫోన్ వస్తె ఏస్త, ఫోన్ వస్తె తీస్త," అని వీడు.

దసరా ఐదు దినాలుందనంగ వాల్యా స్టీరింగు తెస్తనని చిట్యాల పోయిండు. బస్సుల్లేవు, ఎవ్వల బండి మీదనో ఎక్కి పోయిండు. నా హోటల్లనే చెప్పిండు, సంజీవ గూడ విన్నడు: "రెండు దినాల దాక రాను. తొవ్వలు బందున్నయి."

గా రాత్రే జరిగింది.

తొమ్మిది గొట్టంగ కరెంటు ఇచ్చిండ్రు. పదకొండున్నరకు పైనుంచి ఫోన్ — ఫీడర్ తీసెయ్, ఇగ తెల్లారేదాక లేదు. సంజీవ హ్యాండిల్ గుంజిండు. ఊర్లన్ని ఒక్కపాలి నల్లగైనయి. ఆపరేటరు, "ఇగ పనేమున్నది, ఇంటికి పో," అన్నడు. ఆటోలు లేవాయె. సెల్లుల చార్జింగు గూడ లేదు. నడుచుడు మొదలు పెట్టిండు.

చిమ్మచీకటి. వాని చెప్పుల సప్పుడే వానికి వినవడుతున్నది... టపక్, టపక్.

మిల్లు కాడికి వచ్చిండు. మంట లేదు. ఎట్లుంటది, కరెంటు లేకపాయె, వాల్యా చిట్యాలల ఉండె. ఖాళీ మిల్లు. రోజు పోయే తొవ్వనే, రోజు చూసే రేకులే... గాని అండ్ల మనిషి లేడని ఎరుకైనంక వాని నడక మెల్లగైందట. దయ్యం ఉత్తదని ఎరుక ఉన్నోడు గదా వాడు. ఆ ఉత్త దయ్యం ఊర్ల లేదు. మరి లోపట ఏమున్నట్టు?

గప్పుడు —

"సంజీవా..."

నిలవడ్డడు.

సన్నటి గొంతు. కింది నుంచి, భూమిలకెళ్లి వచ్చినట్టు. మనిషి గొంతో, గాలో తెల్వదు.

మా అవ్వ మాకు పాల బువ్వతోని పాటు గీ మాట గూడ తినిపిచ్చింది: రాత్రి పూట పేరు పెట్టి పిలిస్తె పలుకొద్దు. మూడోసారి దాక చూడు. మనిషైతె మూడోసారి గూడ పిలుస్తడు. దయ్యానికి రెండు పిలుపులే, మూడోది పిలువ శాతగాదు దానికి. పలికినవో... నీ పానం దాని ఎంబడి పోతది.

సంజీవ నోరు మూసుకున్నడు. తొవ్వల నడుమ కొయ్యలెక్క నిలవడ్డడు.

"...సంజీవా..."

రెండు.

ఇగ చూస్తున్నడు. మూడోది రావాలె. వాడు దేవున్ని మొక్కుతున్నడట — పిలువు, ఎవ్వలైతె ఏంది, ఇంకొక్కసారి పిలువు, ఉరికొస్త నీ కాడికి. పెదవులు కొరుక్కుంట నిలవడ్డడు. కీచురాళ్లు మొత్తుకుంటున్నయి. ఎంత సేపు నిలవడ్డడో వానికే తెల్వదు.

మూడోది రాలె.

లోపట ఇనుము మీద ఏదో గీకినట్టు జర్ర సప్పుడైంది... గంతే. సంజీవ చెప్పులు చేతుల పట్టుకొని ఉరికిండు.

నేను హోటల్ ఎనుక అర్రల పండుకున్న. తలుపు గుద్దుతుంటె లేచి దీపం పెట్టిన. వాని అంగి తడిసి ముద్దైంది. చెప్పులు ఇంకా చేతులనే ఉన్నయి.

"మిల్లుల... పిలిచిందక్కా. నా పేరు పెట్టి."

"ఎన్నిసార్లు?"

"రెండు."

"పలికినవా?"

"లేదు. మూడోసారి దాక చూసిన... రాలె."

"బతికినవ్ పో. మంచి పని చేసినవ్!" అన్న.

ఆ మాట అన్నది నేను. ఎవ్వలో అనలె, నేనే అన్న. దయ్యాలను నమ్మనని పొద్దంత గప్పాలు కొట్టేదాన్ని, ఉప్పు మిరపకాయలు తెచ్చి వానికి దిగదుడిచి పొయ్యిల ఏసిన. లోపటికెళ్లి గొళ్లెం పెట్టిన. "పోయి చూద్దామా అక్కా?" అని వాడు ఒక్కమాట అడిగిండు. "పాగల్ గాని లేసిందా, పండుకో," అన్న. గా మాటకు నా నాలుక ఎందుకు తెగిపడలేదో ఇయ్యాల్టికి నాకు సమజ్ గాదు.

తెల్లారి పొయ్యి అంటిస్తున్న. నీలి వచ్చింది. చంకల పోరి, మొకం పీక్కపోయి ఉన్నది.

"అక్కా, మా ఆయన గిట్ల వచ్చిండా?"

"చిట్యాల పోయిండు గాదే?"

"లేదక్కా. డీసీఎం లారీ దొరికిందట, నిన్న రాత్రే చౌరస్తల దిగిండు. తొమ్మిది దాటినంక ఫోన్ చేసిండు. కరెంటు ఉన్నది, మల్ల దొరుకతదో లేదో, నాలుగు అతుకులు కొట్టి వస్త అన్నడు... ఇంకా రాలె."

నేను సంజీవ దిక్కు చూడలె. వాడు అప్పటికే ఉరుకుతున్నడు.

మిల్లు తలుపు జరంత తీసే ఉన్నది. లోపట బండి ఒక దిక్కు ఒరిగి ఉన్నది. జాకీ పక్కకు పడ్డది. రోజు జాకీతోని లేపినంక నాలుగు దిక్కుల ఇటుకలు పేర్చి గాని కిందికి దూరడు వాడు. గా రాత్రి కరెంటు ఎప్పుడు పోతదో అని ఇటుకలు పేర్చలె. మూడు అతుకులు కొట్టిండు. నాలుగోది సగంల ఉండంగ కరెంటు పోయింది. చీకట్ల తడుముకుంట బయటికి జరుగుతుంటె కాలు జాకీకి తాకింది. పదకొండేండ్ల బండి వాని రొమ్ము మీద దిగింది.

పానం ఉన్నది. కండ్లు తెరిచే ఉన్నడు.

ఎనిమిది మందిమి పట్టి లేపినం. ట్రాక్టర్ల ఏసుకొని జనగామ దవాఖానకు ఉరికినం. రాస్తారోకోల కూసున్నోళ్లు మమ్ముల చూసి అడ్డమున్న కంప వాళ్లే గుంజి తొవ్వ ఇచ్చిండ్రు, పాపం. డాక్టరు రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసి, "రాత్రే ఎందుకు తేలె?" అని అడిగిండు. నీలి నా మొకం చూసింది, నేను గోడ దిక్కు చూసిన.

మర్నాడు తెల్లారేటాళ్లకు పోయిండు.

పోయే ముంగట, జాము రాత్రి, జర తెలివొచ్చింది వానికి. సంజీవ మంచం పట్టె పట్టుకొని కింద కూసున్నడు. ఒక్క మాట మాట్లాడలె వాడు, పొద్దుగాలటి సంది. మాట్లాడితె చెప్పాలె గద, నేను విన్ననని. వాల్యాకు ఎరుక లేదు, ఎన్నటికీ ఎరుక గావొద్దు అనుకున్నం అక్కాతమ్ములం.

వాల్యా వేలుతోని దగ్గరికి రమ్మన్నడు. సంజీవ చెవి దగ్గర పెట్టిండు. నేను ఇటుదిక్కు నుంచి వంగిన.

"అన్నా..." అన్నడు. ఒక్కొక్క మాటకు ఒకసారి ఊపిరి తీస్తున్నడు. "నీ చెప్పుల సప్పుడు... ఆగింది. నాకు... మస్తు సంబురమైంది."

సంజీవ తల గోడకు కొట్టుకున్నడు. వాల్యా వాని అంగి పట్టుకొని ఆపిండు.

"నువ్వు... మూడోదాని కోసమే... నిలవడ్డవని... ఎరుకే అన్నా. పిలిచిన. నోరు తెరిచి పిలిచిన... గాలే రాలె."