వకుళమాల ఎత్తిన విస్తరి

కనకశైల రాజ్యానికి పెద్ద ఆపద వచ్చిపడింది. పట్టాభిషేకం దగ్గరపడుతుండగా యువరాజు సుధన్వుడు కాకి అయిపోయాడు! తప్పు అతనిది కాదు, అక్క వకుళమాలది. కోటలో విందు జరిగిన రోజున ఒక అవ్వ, "నడుము వంగటంలేదు, కాస్త ఈ ఆకు తియ్యి నాయనా" అంటే సుధన్వుడు వంగబోయాడు. వకుళమాల అతని చెయ్యి పట్టి లాగింది.

"సిగ్గులేదూ? రాజబిడ్డవి, ఎంగిలాకు ముట్టుకుంటావా?"

ఆ అవ్వ మామూలు మనిషి కాదు, యక్షిణి. "ఎంగిలంటే అంత రోతా? అయితే నీ తమ్ముడు ఎంగిలి మెతుకులు ఏరుకునే బతుకుతాడు. వాడు మనిషి మాట మరిచిపోయేలోగా నల్లమడుగు అడవిలో నా సత్రానికి వచ్చి, ఒక్క పంక్తి ఆకులు సరిగ్గా ఎత్తు. వాణ్ణి విడుస్తాను" అని మాయమైంది.

వకుళమాల కత్తి కట్టుకుని, కాకిని భుజానెక్కించుకుని బయలుదేరింది. దారికి అడ్డం వచ్చిన పెద్దపులిని తరిమికొట్టింది. మడుగులో మొసలి నోరు తెరిస్తే దాని వీపు మీదుగా దూకి ఒడ్డెక్కింది. కొండ కనుమలో రాక్షసుడు, "ఎక్కడికే పిల్లా?" అని గర్జించాడు. "యుద్ధానికి!" అంది, ఆకులెత్తడానికని చెప్పలేక. వాడి గద రెండు ముక్కలైంది గానీ, ఆ అబద్ధానికి ఆమె మొహం మాడిపోయింది.

సత్రంలో కట్టెలు కొట్టేవాళ్ళూ, తేనె పట్టేవాళ్ళూ పంక్తిలో కూర్చుని తింటున్నారు. వకుళమాల కొంగు ముక్కు దాకా లాక్కుంది. కాకి "అక్కా" అనబోయి "కా... కా..." అంది. వాడికి మనిషి మాట పోతోంది! ఎవరైనా గుర్తుపట్టేలోగా పని కానిచ్చేద్దామని, చివర కూర్చున్న ముసలాయన ముందున్న ఆకును చటుక్కున లాగేసింది.

పంక్తంతా బిక్కచచ్చిపోయింది. ముసలాయన చేతిలో మజ్జిగన్నం ముద్ద అలాగే ఉంది. తింటున్న మనిషిని అన్నం ముందు నుంచి లేపేయడం కంటే అవమానం ఏముంటుంది?

"ఇంకా తింటన్నాను తల్లీ... లెమ్మంటే లేస్తాలే" అంటూ ఆయన తలొంచుకుని లేవబోయాడు.

అంతవరకు వకుళమాలది తనను ఎవరు చూస్తారో అన్న సిగ్గు. ఇప్పుడు పుట్టిన సిగ్గు వేరు. అది తాను చేసిన పనికి. ఆమె కొంగు తీసేసింది.

"తప్పైపోయింది తాతా, కూర్చో. నాకీ పని రాదు. నేను కనకశైలం రాజు కూతుర్ని."

కొత్త ఆకు వేసి, తన చేత్తోనే వడ్డించింది. చివరి మనిషి లేచేదాకా ఓ పక్కన నిలబడింది. అప్పుడు ఒక్కొక్క ఆకూ ఎత్తి, నేల తుడిచింది. వెనక నుంచి ఎవరో, "అక్కా, ఆకలేస్తోంది" అన్నారు. తిరిగి చూస్తే సుధన్వుడు! ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

కోటకు తిరిగొచ్చాక మంత్రి గొంతు తగ్గించి, "అమ్మా, రాక్షసుణ్ణి చంపి తమ్ముణ్ణి తెచ్చారని దండోరా వేయిద్దాం. ఆ ఆకుల సంగతి మనలోనే ఉండనివ్వండి" అన్నాడు. వకుళమాల చెవులు ఎర్రబడ్డాయి. ఒప్పుకుంటే ఎంత హాయి!

"వద్దు. జరిగిందే వేయించండి" అంది.

మర్నాడు వీధిలో డప్పు మోగింది. యువరాజుకు పట్టాభిషేకమన్న మాట గట్టిగానే చెప్పిన దండోరా మనిషి, ఆ తరువాతి మాట దగ్గర నీళ్ళు నమిలాడు. వకుళమాల మేడ దిగి వచ్చి అతని పక్కన నిలబడింది. ఊరంతా చూస్తుండగా, "ఎంగిలాకులెత్తి నా తమ్ముణ్ణి తెచ్చుకున్నాను" అని తానే చెప్పింది. గొంతు వణికింది, అయినా మాట పూర్తిగా వినిపించింది.