ఏడో పడక తాళంచెవి

మొదలుపెట్టిన రోజున అతని చేతిలో ఉన్నది నలభై వేలు. అందులో ముప్ఫై అక్కవి. బట్టల కొట్లో బిల్లులు రాసి కూడబెట్టుకున్నది ఆవిడ లెక్కపెట్టకుండా చేతిలో పెట్టింది. అతను ఆవిడ ఎదుటే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

అతను మాటకి ముందు "మా కంపెనీ" అనేవాడు. ఆ కంపెనీకి యజమానీ, ఇంజినీరూ, గది ఊడ్చేవాడూ అతనొక్కడే. అందుకే ఆసుపత్రిలో అందరూ అతన్ని కంపెనీ అనే పిలిచేవారు. అక్కా అంతే. "ఏరా కంపెనీ, తిన్నావా?" అనేది.

అతని ఆఫీసు ఆసుపత్రి మెట్ల కింద, ఒకప్పుడు దుప్పట్లు దాచిన గది. కిటికీ లేదు. దుప్పట్లు పోయినా గంజివాసన, ఫినాయిలు వాసన గోడల్లో మిగిలిపోయాయి. మధ్యలో బల్ల, బల్ల మీద రెండు తెరలు, మూల ఎప్పుడూ గురకపెట్టే సర్వరు. మూడో అంతస్తులో దీర్ఘరోగుల వార్డు. పన్నెండు పడకలు. అంటురోగాల భయంతో అక్కడికి బయటివాళ్ళని రానివ్వరు. ఒక్కో పడక పక్కన ఒక్కో ట్యాబ్ ఉంటుంది. అందులో ఇంటివాళ్ళు కనిపిస్తారు, మాట్లాడతారు. ఆ ఏర్పాటంతా అతనిది.

ఎవరు ఏ పడకలో ఉన్నారో, ఎవర్ని ఎక్కడికి కలపాలో చెప్పేది డైరెక్టరీ. కానీ సర్వరు పేరు చూసి ఎవర్నీ నమ్మదు. ప్రతి పేరు వెనకా ఒక తాళంచెవి ఉంటుంది. అది చిన్న కార్డులో దాచిన పొడుగాటి అంకెల వరస. బయటి సంస్థ ఒకటి మనిషిని ధ్రువీకరించుకుని ఆ మనిషికే దాన్ని ఇస్తుంది. సర్వరు దృష్టిలో తాళంచెవి ఎవరిదో వాళ్ళే మనిషి. పేరంటే ఊరికే పైన అంటించిన చీటీ.

రోగి పోతే ఆ తాళంచెవిని రద్దు చేసి, తర్వాత వచ్చినవాళ్ళకి కొత్తది తీసుకోవాలన్నది నిబంధన. కొత్తదానికి రుసుము కట్టాలి, రెండ్రోజులు ఆగాలి. కంపెనీ నోటితోనే లెక్కేశాడు. రద్దు చెయ్యడం మానేసి, పాత తాళంచెవికే కొత్త పేరు తగిలించాడు. సర్వరు కిక్కురుమనలేదు. ఆ పన్నెండు కార్డులతోనే రెండేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఈ తెలివి అక్కకి చెప్పుకుంటే ఆవిడ చాలాసేపు నవ్వింది.

"అంటే పోయినవాళ్ళ గుర్తింపుకార్డు మీద బతికున్నవాళ్ళ ఫొటో అంటిస్తున్నావన్నమాట."

"అలా అనుకుంటే అలాగే. వాళ్ళేమన్నా వచ్చి అడుగుతారా?"

"నా ముప్ఫై వేలు నేనే అడగలేదు. వాళ్ళేం అడుగుతార్లే."

ఆ తర్వాత అక్కకి జబ్బు చేసింది. ఊపిరితిత్తులు. ఏడో పడక ఇచ్చారు.

ఏడో కార్డు మొదట ఎవరికి ఇచ్చారో అతనికి గుర్తే. టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన పెద్దావిడ. జన్మంతా ఊళ్ళో వాళ్ళందర్నీ కలిపిన మనిషికి, ఆవిడ చివరి రోజుల్లో ఒక్క పిలుపూ రాలేదు. ట్యాబ్ ముందు తల దువ్వుకుని కూర్చునేది. అవతల ఖాళీ తెర. అలా కూర్చునే పోయింది. అతను చీటీ మార్చాడు.

కిందటి వారం మూడో పడకాయన పోయాడు. పెద్ద నర్సు మెట్ల దగ్గర ఆపి చెప్పింది. "ట్యాబ్ వంకే చూస్తూ అన్నాడు బాబూ, 'లేవమంటున్నారమ్మా, ఈ చోటు వాళ్ళదట' అని. కాసేపటికే పోయాడు." కంపెనీ గదిలోకొచ్చి సర్వరు చిట్టా చూశాడు. ఆయన మాట్లాడుతుండగానే, అదే తాళంచెవితో ఇంకెవరో లోపలికి రావడానికి ప్రయత్నించారు. వచ్చేశారు కూడా. ఏదో సాంకేతిక లోపం అనుకున్నాడు. అలా అనుకోవడం సులువు.

ఇవాళ మధ్యాహ్నం వాన పట్టుకుంది. మెట్ల కింద వాన కనిపించదు, వినిపిస్తుంది. కరెంటు పోయి జనరేటరు అందుకుంది. బల్బు ఎర్రగా వెలుగుతోంది. భోజనాలైన దగ్గర్నుంచీ అక్క తెర మీద ఉంది. దిండుకి ఆనుకుని, దుప్పటి మెడ దాకా లాక్కుని, అతను పని చేసుకుంటుంటే చూస్తోంది.

"పడుకోవే కాసేపు," అన్నాడు.

"నిద్ర రావట్లేదు. నువ్వు కనిపిస్తుంటే బాగుంది."

రెండో తెర మీద ఒక గీత వెలిగింది. ఏడో నంబరు. లోపలికి రావడానికి అనుమతి కోరుతున్నారు. తాళంచెవి సరైనదే.

అతను కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

ఏడో నంబరు అక్కది. అక్క లోపలే ఉంది, కళ్ళ ముందే. మరి బయటున్నదెవరు?

ఒక తాళంచెవికి ఒకటే చోటు. ఒకరు లోపలుండగా రెండోవాళ్ళని సర్వరు బయటే నిలబెడుతుంది. కానీ పావుగంటకోసారి అది లోపలున్నవాళ్ళని మళ్ళీ తాళంచెవి చూపించమంటుంది. ఆ క్షణంలో ఎవరు ముందు చూపిస్తే చోటు వాళ్ళది. మూడో పడకాయన చోటు అలాగే పోయింది.

గీత మళ్ళీ వెలిగింది... ఆగి, మళ్ళీ.

"అక్కా," గొంతు తగ్గించాడు. "నీ దగ్గరెవరన్నా ఉన్నారా?"

ఆవిడ తల తిప్పకుండా చెప్పింది. "ఎవరో తలుపు దగ్గర నించున్నారు. చోటు ఇమ్మంటున్నారు." గుసగుసగా అంది. "రానివ్వకు తమ్ముడూ."

దారులన్నీ లెక్కేసుకున్నాడు. కొత్త తాళంచెవి రావాలంటే రెండ్రోజులు. పాతదాన్ని రద్దు చేస్తే అక్క ఆ క్షణమే బయటికి పోతుంది. కార్డులన్నీ పోయినవాళ్ళవే. ఏది ఇచ్చినా దానికొక పాత మనిషి ఉంటుంది. మచ్చలేనిది ఒకటే ఉంది. మొదట్లో సొంత పేరు మీద తీసుకున్నది. అతనిది.

లెక్క తేలడానికి క్షణం పట్టలేదు. అక్క పేరు వెనక తన తాళంచెవి పెట్టాలి. తన పేరు వెనక ఏడోది పెట్టుకోవాలి. బయటున్నది ఎవరైనా సరే, వచ్చేది తన మీదికి వస్తుంది.

గీత వెలుగుతూనే ఉంది. ఇప్పుడు ఆగకుండా.

మార్చాడు. తొందరలో ఒకసారి తప్పు పడింది. మళ్ళీ కొట్టాడు. సర్వరు గురక ఒక్క క్షణం ఆగింది... మళ్ళీ మొదలైంది.

అక్క తెర చెక్కుచెదరలేదు. అతను కుర్చీలో వెనక్కి వాలి ముఖం తుడుచుకున్నాడు. నవ్వు కూడా వచ్చింది.

"అయిపోయిందే. ఇంక నిన్నెవరూ కదపలేరు."

"నీది నాకిచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"మళ్ళీ తీసుకోవు కదా?"

అలా అడగడం అతనికి నచ్చలేదు. జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. వార్డు నంబరు.

"ఏం బాబూ, పలకవేంటి?" పెద్ద నర్సు గొంతులో విసుగు. "మీ అక్క భోజనం దగ్గర్నుంచీ నిన్ను చూపించమని ఒకటే గోల. తన ట్యాబ్ చార్జింగు అయిపోయి పొద్దుట్నుంచీ నా సొరుగులో పడుంది. తన కార్డు తీసి పక్క పడక ట్యాబ్‌లో పెట్టి కొడుతున్నాను. ఎన్నిసార్లు కొట్టినా 'లోపల వేరేవారు ఉన్నారు' అంటోంది."

అతను తెర వంక చూశాడు. దిండు, దుప్పటి, అక్క ముఖం. నున్నగా దువ్వుకున్న తలతో ఆ ముఖం అతన్నే చూస్తోంది.

"సిస్టర్..." అన్నాడు. "అక్క ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, నా ఎదురుగా పడుకునుంది. 'నాకు చోటు లేదంటున్నారా సిస్టర్' అని అడిగింది ఇందాక. కాదమ్మా అన్నాను. అప్పట్నుంచీ మాట్లాడట్లేదు." గొంతు మారింది. "బాబూ, ఊపిరి కొంచెం... ఉండు. డాక్టర్ని పిలవాలి." ఫోను పక్కన పడేసిన చప్పుడు. పరుగెత్తే చెప్పులు.

ఇంతసేపూ తలుపు కొట్టింది అక్క. అడ్డుపడి నిలబెట్టింది తను.

అరిచినా ఆ గది దాటదు. అరవలేదు. రెండో తెర మీద గీత ఇంకా వెలుగుతోంది, కానీ మసకగా, ఆగి ఆగి. అక్క కార్డు ఏడోది. ఏడో చోట్లో ఇప్పుడు ఉన్నది తనే. తను లేస్తే అక్క లోపలికి వస్తుంది.

తన పాత తాళంచెవి వెనక్కి లాగబోయాడు. సర్వరు ఒప్పుకోలేదు. అది ఇంకొకరిదని చెప్పింది. ఇంకోసారి లాగాడు. అదే జవాబు.

అంటే ఏడోది వదిలేశాక అతనికి ఏదీ మిగలదు. పేరు వెనక ఏమీ లేనివాడు సర్వరుకి మనిషి కాదు. అది ఎప్పటినుంచో తెలిసిన నియమమే. దాని అర్థం మూడో పడకాయనకి తెలిసింది.

బల్ల మీది ఫోన్లోంచి డాక్టరు గొంతు, మంచం చక్రాల చప్పుడు వినిపిస్తున్నాయి. గీత వెలిగింది. చాలాసేపు ఆగింది. వెలిగింది.

అతను బాణం గుర్తుని జరిపాడు. తెర అడిగింది: 'ఏడో నంబరు ఖాళీ చెయ్యాలా?'

పక్క తెరలో అక్క ముఖం లేదు.

దిండూ లేదు, దుప్పటీ లేదు. కిటికీ లేని గది, ఎర్రటి బల్బు, మూల సర్వరు, బల్ల, బల్ల మీద రెండు తెరలు. అతని వెనక గోడలోంచి చూస్తున్నట్టు కనిపిస్తోంది అంతా. ఆ గోడకి కెమెరా ఏదీ లేదు. బొమ్మ కింద అతని పేరు ఉంది.

బొమ్మలో కుర్చీ ఖాళీగా ఉంది.

అతను వెనక్కి తిరగలేదు. తిరిగే టైము లేదు. గీత ఇంకొక్కసారి వెలిగితే చాలనుకుంటూ, 'అవును' మీద వేలు పెట్టాడు.