గులాబీ రంగు తిరిగిన ఫ్లాస్కు

"తొమ్మిదింటికి సర్జన్ వస్తాడు. అప్పటిదాకా ఆ ఫ్లాస్కు మీద ఈగ వాలినా నీ తోలు తీస్తా," అన్నాడు ఏజెన్సీ చీఫ్, ఏజెంట్ కోవల్‌చుక్‌తో.

ఫ్లాస్కులో పెరుగుతున్నది మెల్నిక్ చర్మం. కోవల్‌చుక్‌కు పెట్టిన కారు బాంబు అతని పార్ట్‌నర్ మెల్నిక్‌ను కాల్చేసింది. శత్రు ముఠా నాయకుడి ముఖం చూసినవాడు మెల్నిక్ ఒక్కడే. కొత్త చర్మం అతకకపోతే బతకడు. మళ్ళీ పెంచుదామన్నా అంత గడువు లేదు.

ఉదయం ఎనిమిది యాభై. కోవల్‌చుక్ మెకానిక్ వేషంలో విన్నిపెగ్‌లోని ఆ ల్యాబులోకి అడుగుపెట్టాడు. లోపల ఏజెన్సీ మనిషి ఈవెట్ ఉంది. తెల్లకోటులో కూడా చూపు తిప్పుకోనివ్వని అందం.

"బయట మైనస్ ముప్ఫై," అన్నాడు.

"లోపల ముప్ఫై ఏడు," అని కోడ్ కలిపింది. "వచ్చావా మహానుభావా! కాపలా కాసీ కాసీ నడుం పడిపోయింది. నిన్నట్నుంచి ఇంక్యుబేటర్ తలుపు ఎవరూ ముట్టుకోలేదు. ఒట్టు!"

అతను చేతులకు స్పిరిట్ స్ప్రే కొట్టుకుని తలుపు తెరిచాడు. ఫ్లాస్కులన్నిట్లో ద్రవం నారింజ రంగులో ఉంది. మెల్నిక్ పేరున్నది మాత్రం ముదురు గులాబీ. లోపలి కార్బన్ డయాక్సైడ్‌కు గులాబీ ద్రవం కాసేపట్లోనే నారింజకు తిరుగుతుంది. అంటే ఇది ఇప్పుడే లోపలికి వచ్చింది.

"ఒట్టు బాగానే వేశావు. అసలుదేదీ?"

ఈవెట్ చేతిలో పిస్టల్ మెరిసింది.

"మొద్దు మొహానికి ఇంత తెలివా! అందులో ఉన్నవి క్రిములు. నీ మెల్నిక్ వారంలో పోతాడు, నువ్విప్పుడే. అసలుది చెత్తతోపాటు ఆటోక్లేవులో పెట్టా. ఇంకో అర నిమిషంలో ఆవిరి మొదలు."

"సింకులో పారబోస్తే పనైపోయేది కదే!"

"ఛీ! కణాల్ని ఉడికించకుండా ఎవరైనా పారేస్తారా?" నిజంగానే అసహ్యించుకుంది.

ఆ క్షణం చాలు. అతని చేతిలోని స్ప్రే నుంచి స్పిరిట్ ఆమె కళ్ళలో పడింది. గుండు సీలింగుకు తగిలింది. మోచేత్తో ఒక్కటిచ్చి, సంకెళ్ళు బిగించి, ఆటోక్లేవు దగ్గరికి దూకాడు. నాలుగు... మూడు... రెండు దగ్గర స్టాప్ నొక్కాడు. చెత్త సంచిలో మూత బిగించిన ఫ్లాస్కు దొరికింది. ఇంకా నారింజ రంగే. అమ్మయ్య! కోవల్‌చుక్ కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా తొమ్మిదింటికి ల్యాబు అధిపతి డాక్టర్ సిగుర్డ్‌సన్ సర్జన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. నేల మీద సంకెళ్ళతో ఈవెట్, పక్కన పిస్టల్, సీలింగుకు చిల్లు. ఆవిడ అవేవీ చూడలేదు.

"ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిచిపెట్టిన దరిద్రుడెవడు?"