వెనక షాకర్ లేని సైకిల్

"దాన్ని ఎక్కడ కొన్నడో అక్కడనే ఇచ్చి రమ్మను," అని సంగీత మళ్ళీ అంది.

"మెల్లగనే. పక్కింటోళ్ళు వింటరు," అంది తల్లి రూప్లి. పొద్దుటి నుంచి ఆమె ఆ కొత్త సైకిల్‌ను కొంగుతో తుడుస్తూనే ఉంది.

"విననీ యాడీ. నన్నడిగి కొన్నడా?"

"కాబోయే మొగుడు ప్రేమతోని తెస్తే గిట్లనా మాట్లాడేది?"

ఖమ్మం ఖానాపురం హవేలిలోని ఆ చిన్న ఇంటి ముందుగదిలో, సోఫాకూ టీవీకీ మధ్య సైకిల్ పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ముందు చక్రానికి షాకర్లు, సీటు కింద బొటనవేలంత లావు తీగతో చుట్టిన మరో స్ప్రింగు. తండ్రి సోమ్లా, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, ఎక్కి కూర్చుని రెండుసార్లు ఊగి చూశాడు.

"నా బస్సుకు గిట్లాంటి షాకర్లుంటే నా నడుం గిట్లయ్యేది కాదు బిడ్డా."

"అయితే నువ్వే తొక్కు బాపూ."

సంగీత చర్ల దాటి అడవిలో ఉన్న గూడేలకు ఏఎన్‌ఎం. రెండేళ్ళుగా అక్కడే సబ్ సెంటర్‌లో ఉంటుంది, ఆదివారం దొరికితే ఖమ్మం వస్తుంది. పాత లేడీస్ సైకిల్ మీద తిరుగుతుంది. దాని మీద నడుం నొస్తున్న సంగతి ఒకసారి, ఒక్కసారే, ఫోన్లో శ్రీధర్‌కు చెప్పింది. ఫలితం ఇప్పుడు హాల్లో ఊగుతోంది.

శ్రీధర్ ఆమెకు మేనత్త కొడుకు. చిన్నప్పుడు ఆమె పలక పగలగొట్టిన నాటి నుంచి అతని మీద కోపం వస్తూనే ఉంది. ఆ కోపంలోనే ఎప్పుడు ఇష్టం కలిసిందో ఆమెకూ తెలియదు. అతను సెల్‌ఫోన్ టవర్లు ఎక్కే టెక్నీషియన్. ఇప్పుడు వానలో తడిసి, జుట్టు దులుపుకుంటూ, మెప్పుకోసం నవ్వు సిద్ధం చేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఎట్లుంది సంగీ?"

సంగీత వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా ఎత్తుకొచ్చి అతని చేతుల్లో పెట్టింది.

"ఏందిది?"

"నా టీకాల డబ్బా గింతనే ఉంటది. దీని మీద పెట్టి చూపెట్టు."

అతను సైకిల్ వెనక్కి వెళ్ళి చూశాడు. క్యారియర్ లేదు. డబ్బాను మధ్య గొట్టం మీద ఆనించాడు, జారింది. చివరికి సీటు మీద పెట్టి చేత్తో పట్టుకున్నాడు.

"గిట్ల..."

"మరి నేనేడ కూసోవాలె?"

సోమ్లాకు నవ్వు వచ్చింది. రూప్లి చూసిన చూపుకు దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"దీనికి క్యారియర్ పట్టదట," అన్నాడు శ్రీధర్. "వెనక చక్రం పైకి కిందికి ఆడుతది కదా. ముందొక్కటే షాకరుంటే దాన్ని హార్డ్‌టెయిల్ అంటరు. ముందూ వెనకా ఉంటే ఫుల్ సస్పెన్షన్. షాపాయన రాబోయే మోడళ్ళ పుస్తకం తీసి గంటసేపు చూపెట్టిండు. క్యారియర్ పట్టే హార్డ్‌టెయిల్, క్రాస్ కంట్రీదే, గిట్లాంటి కచ్చా బాటల తొక్కేది, తేలికది ఉంది. కాని దసరాకు గాని రాదట. నీ నడుం దసరా దాక ఆగుతదా?"

"షాపాయనను గంటసేపు అడిగినవ్. నన్ను నిమిషం అడగలే."

"నువ్వే కదా నడుం విరిగిపోతుంది బావా అన్నది?"

"నువ్వు వింటవని అన్న. సైకిల్ కొంటవని కాదు."

ఇక శ్రీధర్‌కూ కోపం వచ్చింది. అతను డబ్బాను కింద పెట్టాడు. "మంచికి పోతే గిదా మర్యాద? బురదల తిప్పితే వెనక జాయింటు రెండు వానాకాలాలు కూడ నిలవదని ఆయన మొత్తుకున్నడు. అయినా నీ నడుం కోసం ఇదే తెచ్చిన. ఆర్నెల్లే కదా, చాలు అన్న."

"ఏం ఆర్నెల్లు?"

రూప్లి తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"మాఘంల పెండ్లి. పెండ్లైతే ఖమ్మం ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటవు. అందరం అనుకున్నదే గదా."

"ఆ అందరిల నేను లేనా?"

శ్రీధర్ మామ వైపు చూశాడు. మామ సోఫాలోంచి లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"అంటే నేనక్కడ ఎన్నాళ్ళుండాలెనో మీరే తేల్చుకొని, దానికి సరిపడ సైకిల్ తెచ్చిండ్రు," అంది సంగీత. ఆమె గొంతు ఇప్పుడు తగ్గింది. తగ్గినందుకే రూప్లికి భయమేసింది. "బుధవారం టీకాల రోజు, చర్లకు రా బావా. ఈ సైకిల్ బస్సు టాప్ మీద వేసుకొని రా. నువ్వు కొన్నదాన్ని నువ్వే తొక్కు. పెండ్లి ఉన్నదో లేదో ఆ తర్వాత మాట్లాడుదాం."

*

బుధవారం ముసురు పట్టింది. అయినా అతను వచ్చాడు. ఆమె ముందు, డబ్బాను పాత ట్యూబుతో క్యారియర్‌కు కట్టిన లేడీస్ సైకిల్ మీద. అతను వెనక.

టేకు వేళ్ళు దారికి అడ్డంగా పరుచుకున్న చోట ఆమె సైకిల్ ఎగిరెగిరి పడుతోంది. అతను మాత్రం మెత్తగా సాగిపోతున్నాడు.

"సోఫా లెక్కుంది," అన్నాడు పక్కకు వచ్చి. "నిజం చెప్పు, నీకు కుళ్ళు రావట్లేదా?"

"వస్తుంది. వాగు రానీ."

వాగు మోకాలిలోతు పారుతోంది. ఆమె చెప్పులు నడుముకు దోపుకుని, డబ్బాను నెత్తిన పెట్టుకుని ముందు దాన్ని దాటించింది. తిరిగి వచ్చి సైకిల్‌ను భుజాన వేసుకుంది. అతను అది చూసి తనదీ ఎత్తాడు. స్ప్రింగులతో సహా అది గున్నేనుగంత బరువుంది. నడిమి వాగులో కాలు జారింది. కూలబోతుంటే ఆమె తన సైకిల్‌ను ఒడ్డున పడేసి, వెనక్కి ఉరికి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

"నన్ను పట్టుకుంటవనుకున్న," అన్నాడు నీళ్ళు ఉమ్ముతూ.

"అది కొత్తది."

"సంగీ, నాకు మస్తు కోపమొస్తుంది."

"నాకు ఆదివారం నుంచే వస్తుంది. లే."

ఒడ్డున సైకిల్ కదిపితే వెనక జాయింటులో ఇసుక కరకరమంది. అతను విన్నాడు. ఆమె విననట్టు నడిచింది.

గూడెంలో చెట్టు కింద అప్పటికే తల్లులు కూర్చుని ఉన్నారు. రామక్క అనే ఆమె తన పసిదాన్ని తెచ్చి తడిసిన శ్రీధర్ చేతుల్లో పెట్టి, జాకెట్టు పిన్ను సర్దుకుంటూ అడిగింది.

"నర్సమ్మా, ఈయనకు గూడ సూది ఉన్నదా?"

"ఉన్నది రామక్కా. అందరికన్న పెద్దది."

ఆడవాళ్ళందరూ నవ్వారు. సూది పడగానే పసిది శ్రీధర్ వేలు పట్టుకుని, ఆ వేలే తప్పు చేసినట్టు దాన్ని చూస్తూ ఏడ్చింది. అది ఊరుకునేదాకా అతను చెట్టు చుట్టూ తిరిగాడు.

వచ్చేటప్పుడు ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ నడిచారు. వాన సన్నబడింది.

"మొదటిసారి వచ్చినప్పుడు," అంది సంగీత, అతని వైపు చూడకుండా, "ఈ రామక్కనే సూదికి జడిసి పెద్ద పిల్లనెత్తుకొని అడవిలకు ఉరికింది. అందరు ఉరికిండ్రు. ఆ ఉరుకుడు ఆగనీకి రెండేండ్లు పట్టింది. నేను పోయి కొత్త నర్సొస్తే మళ్ళీ ఉరుకుతరు."

"గీ మాట ముందే చెప్పొచ్చు గదా?"

"అడిగితే కదా. మా యాడి అడగలే, బాపు అడగలే. నువ్వన్న అడుగుతవని చూసిన. నువ్వు స్ప్రింగులు తెచ్చినవ్."

చక్రం కరకరమంటూనే ఉంది. వాగు దగ్గరికి వచ్చాక అతను ఆగాడు.

"ఎన్నేండ్లు ఉండాలనుంది?"

ఆమె గబుక్కున తల తిప్పి చూసింది. ఆ ప్రశ్న కోసమే అన్నాళ్ళూ కోపం మోసింది.

"తెల్వదు. మస్తు."

"చర్ల దాక ఉన్న భద్రాచలం సెక్షన్ మా ఆఫీసుల ఎవరూ అడగరు," అన్నాడు అతను నీళ్ళ వైపు చూస్తూ. "అడిగితే రేపే ఇస్తరు. నేను అడుగుతనని అంటలే. ఊకె చెప్తున్న."

"ఊకెనే?"

"నీ మీద కోపం ఇంకా పోలే నాకు."

"నాకూ పోలే."

"అయినా వచ్చే బుధవారం వస్త." అని డబ్బాను తన నెత్తిన పెట్టుకుని వాగులోకి దిగాడు. ఈసారి ఆమె అతని మోచేయి పట్టుకుంది. సైకిళ్ళు రెండూ ఒడ్డునే ఉండిపోయాయి. వాటికోసం మళ్ళీ రావలసి వచ్చింది, ఇద్దరికీ.

*

దసరా ముందరి ఆదివారం శ్రీధర్‌ను వెంటబెట్టుకుని అతని తల్లిదండ్రులు ముహూర్తం మాట్లాడడానికి వచ్చారు. తండ్రి ధన్‌సింగ్ సోఫాలో సర్దుకుని కూర్చున్నాడు. అందరికీ టీలు అందాయి.

"మాఘంలనే పెట్టుకుందాం బావా," అన్నాడు ధన్‌సింగ్ సోమ్లాతో. "ఆలోపు పిల్ల ట్రాన్స్‌ఫర్ పని గూడ అయిపోతది."

రూప్లి హాలంతా కలియజూసింది. "సంగీ, సైకిలేదే?"

"షాపుల ఇచ్చేసినం యాడీ. ఆయన మొఖం మాడ్చుకొని తీసుకున్నడు."

"మరి?"

"హార్డ్‌టెయిల్ వచ్చింది. ముందొక్కటే షాకరు. వెనక క్యారియర్ ఉంది, డబ్బా పడుతది. ఒంటిచేత్తో లేపొచ్చు."

"వెనక స్ప్రింగు లేకుంటే నడుం ఏం గావాలె?"

"నొస్తది," అంది సంగీత నెమ్మదిగా. టీ గ్లాసు కింద పెట్టి, మామ వైపు, అత్త వైపు, తల్లి వైపు, తండ్రి వైపు చూసింది. "కాని బురద పట్టినా ఏం కాదు యాడీ. పదేండ్లు నడుస్తదట. మాఘంల పెండ్లికి నేను వద్దంటలే. ట్రాన్స్‌ఫర్ మాత్రం పెడ్తలే."

సోమ్లా గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. ధన్‌సింగ్ కొడుకు వైపు తిరిగాడు. ఇప్పుడు వాడే ఏదో ఒకటి చెప్పి పిల్లను దారికి తెస్తాడని అందరూ అతని వైపే చూశారు.

శ్రీధర్ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"సైకిల్ ఒకటి కాదు మామా," అన్నాడు సోమ్లాతో. "రెండు కొన్నం."