శిలువ యజమాని సంతకం

మా కరుంబే ఊళ్ళో మూడో కిలోమీటరు మలుపు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీదే ఇంకో వంద గజాలు లాగించి అప్పుడు దిగుతారు.

అక్కడ అనస్తాసియో శిలువ ఉంది. మోకాలెత్తు ఇటుక గూడు, అందులో చెక్క శిలువ, దాని చేతుల మీద వేలాడే గుడ్డ. ముప్పై ఏళ్ళ కిందట సైకిల్ మీద తాపీపనికి పోతున్న కుర్రాణ్ణి దుంగల లారీ ఆ మలుపులోనే కొట్టేసింది. శిలువ మీద వాడి పేరు ఒక్కటే మిగిలింది. ఇంటిపేరు ఎప్పుడో వానకి చెరిగిపోయింది.

గాలి ఆడని రాత్రి కూడా ఆ గుడ్డ కదులుతుందంటారు. మోటారు సైకిళ్ళు ఉన్నట్టుండి ఆగిపోతాయంటారు. నడిచిపోతుంటే వెనక సైకిల్ గొలుసు చప్పుడు... తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. బస్సు డ్రైవర్లు అక్కడికి రాగానే రెండుసార్లు హారన్ కొడతారు, మమ్మల్ని పోనివ్వు నాయనా అన్నట్టు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అయినా రాత్రి ఏడు దాటాక అటు పోను. ఈ రెండూ వేరువేరు సంగతులు.

నా పేరు పెత్రోనా. మునిసిపాలిటీ గేటు పక్కన ఇరవై రెండేళ్ళుగా రోట్లో ఆకులూ వేర్లూ దంచి అమ్ముతున్నాను. మా దగ్గర పొద్దున్నే తెరెరే తాగందే ఎవడికీ చెయ్యి ఆడదు. చల్లటి నీళ్ళలో ఆకు, అందులో నేను దంచిన వేరు, అందరికీ ఒకటే గొట్టం. ఆ గొట్టం చేతులు మారుతున్నంతసేపూ నోళ్ళు ఊరుకోవు. అందుకే కౌన్సిల్ ఏం తీర్మానించబోతోందో కౌన్సిలర్ల కంటే నాకే ముందు తెలుస్తుంది.

రాజధాని అసున్సియోన్ పొంగి పొర్లి మా మీద పడింది. పదేళ్ళ కిందట ఆవులు మేసినచోట ఇప్పుడు గేటూ కాపలావాడూ ఉన్న కాలనీలు. ఇక పెద్ద సూపర్ మార్కెట్ వస్తుందన్నారు. దానిదాకా నాలుగు వరసల రోడ్డు వెయ్యాలని మేయర్ రోలాన్ పట్టుబట్టాడు, కౌన్సిల్ సరేనని చేతులెత్తింది. కొలిచి చూస్తే అనస్తాసియో గూడు సరిగ్గా రోడ్డు నడిమధ్యన పడింది.

కాంట్రాక్టరు మనుషులు మలుపుదాకా తవ్వుకుంటూ వచ్చారు. గూడు కనపడగానే యంత్రం ఆపేసి దిగిపోయారు. తిట్టినా, బతిమాలినా ఎక్కలేదు. ఎక్కరు మరి. మా దగ్గర ప్రతి శిలువకీ ఒక యజమాని ఉంటారు. పోయినవాడి తల్లో, పెళ్ళామో, అక్కో. ఏటా గుడ్డ మార్చేదీ కొవ్వొత్తి పెట్టేదీ వాళ్ళే. వాళ్ళు సరేనంటే తప్ప దాన్ని ఎవరూ కదపరు. కాగితం చూపించండి, అరగంటలో ఎత్తేస్తాం అన్నారు కూలీలు.

పన్నెండుమంది కౌన్సిలర్లు మూడు గంటలు వాదించుకుని, "శిలువ యజమాని రాతపూర్వక అంగీకారంతో" అనే ముక్కని తీర్మానంలో చేర్చారు. పాపం ఎవరికీ అంటకుండా తప్పుకునే దారి అది. బరువంతా వెళ్ళి ఎలాదియో నెత్తిన పడింది.

ఎలాదియో ఫ్లెయితాస్ కౌన్సిల్ గుమాస్తా. నలభై ఏళ్ళవాడు, మంచివాడు, ఒట్టి భయస్తుడు. ముగ్గురు పిల్లలు. ఉద్యోగం కాంట్రాక్టుది, ప్రతి డిసెంబరులో మేయర్ సరేనంటేనే మరో ఏడాది. మేయర్ వాణ్ణి గదిలోకి పిలిచి, శుక్రవారం సభకి ఆ అంగీకారం ఫైల్లో ఉండాలి, లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడట.

వాడు వెతకలేదని అనను. మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగాడు. మలుపు చుట్టుపక్కల పాత కాపురం ఒక్కటీ మిగల్లేదు. కాలనీల్లో తలుపు తడితే అనస్తాసియో ఎవరన్నారు. చర్చి పుస్తకాలు చెదలు తినేశాయి. చివరికి ఒక ముసలాయన మాత్రం, వాడికి తల్లి ఒకతె ఉండేదనీ, కొడుకు పోయాక బ్యూనస్ ఎయిరిస్ వెళ్ళిపోయిందనీ, ఈపాటికి పోయే ఉంటుందనీ చెప్పాడు. పేరు అడిగితే తెలీదన్నాడు.

గురువారం సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఎలాదియో తలుపు వేసుకుని కూర్చున్నాడు. తనే రాశాడు. "అనస్తాసియో తల్లినైన నేను..." అని మొదలుపెట్టాడు. పేరు దగ్గర పెన్ను ఆగింది. ఏదో ఒకటి పెడదాం అనుకునేలోపే చెయ్యి రాసేసిందట.

సెబెరియానా ఒవెలార్.

వాడికి ఆ పేరుగల మనిషి ఎవరూ తెలీదు. పాతకాలపు పేరులా ఉంది, బాగానే అతుకుతుందిలే అనుకుని, ముసలిదాని చేతిరాతలా వంకరటింకరగా సంతకం గిలికి, ఫైల్లో పెట్టి, సొరుగుకి తాళం వేశాడు.

ఆ వారమంతా వేడి ఉత్తరగాలి. ఆ గాలి వీస్తే మా ఊళ్ళో కుక్కలు కూడా తిన్నగా పడుకోవు. మొగుడూ పెళ్ళాలు కారణం లేకుండా కొట్టుకుంటారు, బడిలో పంతులమ్మలు ఏడుస్తారు. ఎలాదియో ఆ గాలిలోనే ఎనిమిదింటికి బస్సెక్కాడు.

రోడ్డు తవ్వేశారు కదా, బస్సు ఇప్పుడు మలుపుకి ఇవతలే ఆగిపోతుంది. అక్కణ్ణించి వాడి ఇంటిదాకా నడకే. దీపస్తంభాలు కూడా పీకేశారు. ఆ రోజు దిగినవాడు వాడొక్కడే.

ఎర్రమట్టి గుట్టల మధ్య నడుస్తున్నాడు. ఫోను లైటు వేసుకున్నాడు... బ్యాటరీ అయిపోయింది. సరేలే, నాలుగడుగులే కదా అనుకున్నాడు. గాలి. దుమ్ము. ఎక్కడో వదులైన రేకు కొట్టుకుంటోంది — టక్... టక్... గొలుసు చప్పుడేమో అనిపించింది. తిరిగి చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఎవరూ లేరు.

మళ్ళీ ముందుకి తిరిగాడు.

గూట్లో వెలుతురుంది.

నిన్నటిదాకా పేలికలై వేలాడిన గుడ్డ పోయింది. దాని స్థానంలో తెల్లటి కొత్త గుడ్డ, గాలికి లేస్తోంది... పడుతోంది. గూడు ముందు ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. నల్ల శాలువా. వీపు మాత్రమే కనిపిస్తోంది.

వాడు అక్కడే ఆగిపోయాడు.

ఆ మనిషి తిరగలేదు. గుసగుసగా అంది:

"వీణ్ణి తీసేస్తారటగా..."

ఎలాదియో ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"వీడి తల్లిని."

అక్కడితో పరిగెత్తాల్సింది. కానీ గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఎదురుగా దెయ్యమే నిలబడ్డా పేరు అడగందే ఊరుకోడు.

"పేరు?"

ఆమె అప్పుడు తిరిగింది. కింద కొవ్వొత్తి, పైన ముఖం... ముడతలు తప్ప ఏమీ కనపడలేదట.

"సెబెరియానా ఒవెలార్."

వాడు ఎలా ఇల్లు చేరాడో వాడికే తెలీదు. ఒక చెప్పు ఆ మట్టిలోనే ఉండిపోయింది. తెల్లవార్లూ చలిజ్వరం. పెళ్ళాం ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు.

శుక్రవారం ఏడింటికే నా బుట్ట ముందుకొచ్చి కూలబడ్డాడు. మనిషి సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు.

"నేనే పుట్టించాను పిన్నీ. లేని మనిషికి పేరు పెట్టాను... వచ్చింది."

నేను నవ్వబోయాను. ఎవరో ఆట పట్టించి ఉంటారన్నాను. రోడ్డు వద్దనేవాళ్ళు ఊళ్ళో తక్కువా? కాగితం ఎవరో చూసి ఉంటారు, శాలువా కప్పుకుని కూర్చుని ఉంటారు.

"కాగితం సొరుగులో ఉంది. ఆ పేరు నేను పైకి కూడా అనలేదు."

అప్పుడు నాకు నవ్వు రాలేదు. రోట్లో రోకలి ఆపేశాను. చచ్చినవాళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, బతికున్నవాళ్ళ దొంగసంతకాలకి మందు తెలుసు. వెళ్ళి ఆ కాగితం చింపెయ్యరా, ఉద్యోగం పోతే పోయింది, నా పక్కన ఇంకో రోలు వేసుకుందువు అన్నాను. వాడు లేచి లోపలికి పరిగెత్తాడు.

సొరుగు ఖాళీ. మేయర్ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. ఫైలు అప్పటికే సభలో బల్ల మీదుంది.

సభ జరుగుతున్నప్పుడు చల్లనీళ్ళ కూజా నేనే తీసుకెళ్ళి ఇస్తాను. అందుకే తర్వాత జరిగింది ఎవరో చెబితే విన్నది కాదు, నా కళ్ళారా చూసిందే. ఎలాదియో తన బల్ల దగ్గర తలొంచుకు కూర్చున్నాడు. నేను వాడికి గ్లాసు నింపుతున్నాను. మేయర్ గొంతు సవరించుకుని, శిలువ యజమాని పెద్ద మనసుతో అంగీకరించిందని చెప్పి కాగితం చదివాడు. చివర పేరు కూడా చదివాడు.

"ఆ మనిషిని నేనే."

అందరూ తలుపు వైపు తిరిగారు. వెనక వరసలో, నల్ల శాలువాతో, ఒళ్ళో ప్లాస్టిక్ సంచితో ఒక ముసలమ్మ. ఎలాదియో చేతిలో పెన్ను కిందపడింది. వంగి తీసుకోలేకపోయాడు.

ఆమె నెమ్మదిగా నడిచొచ్చి సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి మేయర్ ముందు పెట్టింది. మేయర్ చూశాడు. పక్కనున్న కౌన్సిలరు చూశాడు. కార్డు మీద అదే పేరు. ఆమెకి ఊపిరుంది, చెమట పట్టింది, మడమల నిండా ఎర్రమట్టి ఉంది. బ్యూనస్ ఎయిరిస్‌లో మనవడు ఫోన్లో ఎవరో పెట్టిన ఫొటో చూపించాడట, యంత్రం ముందు తన కొడుకు గూడు. వెంటనే బయల్దేరింది. దాదాపు ఒక రోజంతా బస్సు. రాత్రి దిగేసరికి కొవ్వొత్తి పెట్టే వేళయింది, ముందు వాడి దగ్గరికి వెళ్ళింది. అంతే.

ఎలాదియో ఊపిరి వదలడం నాకు వినపడింది. నా ఊపిరి కూడా వదిలాను, దాచడమెందుకు.

ఆమె కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ సంతకం నాది కాదు."

మేయర్ గబగబా, ఇది కార్యాలయం పొరపాటన్నాడు. భయస్తుడని చెప్పానే, ఆ ఎలాదియో లేచి నిలబడ్డాడు.

"నేను రాశానమ్మా. పేరూ నేనే పెట్టాను, సంతకమూ నేనే పెట్టాను."

ముసలమ్మ వాడి వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేదనిపించింది నాకు.

"అడిగుంటే నేనే పెట్టేదాన్ని కదా," అంది.

మేయర్ దగ్గర పెన్ను తీసుకుని, ఆ దొంగసంతకం కింద తన సంతకం పెట్టింది. ఒక్కో అక్షరం తీరిగ్గా. కొత్త బస్‌స్టాప్ పక్కన పెట్టండి, నలుగురూ నిలబడేచోట, ఇన్నాళ్ళూ ఒక్కడే ఉన్నాడు అని చెప్పింది. పన్నెండుమందీ చేతులెత్తారు. ఎత్తక చస్తారా! ఎలాదియో ఉద్యోగం సంగతి డిసెంబరులో తేలుతుంది. ఆ రోజు వాణ్ణి ఏమనడానికీ మేయర్‌కి నోరు రాలేదు.

అందరూ లేస్తున్నారు. ఆమె సంచి సర్దుకుని, పోతూ పోతూ వాడి బల్ల దగ్గర ఆగింది. నేను కూజాతో అక్కడే ఉన్నాను.

"నా పేరు నీకెవరు చెప్పారు నాయనా?"

"ఎవరూ చెప్పలేదమ్మా... ఊరికే... అదే వచ్చింది."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఈ ఊళ్ళో నేను అందరికీ ముద్దుగా చీకీనే. పొరుగువాళ్ళకీ, ఫాదరుకీ, నా మొగుడికీ కూడా అంతే. నా కొడుకొక్కడే ఒకసారి కార్డు మీద అసలు పేరు చూశాడు. అప్పణ్ణించీ నన్ను ఏడిపించడానికి... సైకిల్ దిగుతూనే గుమ్మంలోంచి అరిచేవాడు. సెబెరియానా ఒవెలార్, కర్రపెండలం ఉడికిందా, అని."

ఎలాదియో ముఖంలో మళ్ళీ నెత్తురు లేదు.

ముసలమ్మ చుట్టూ చూసింది. బల్ల మీదికి వంగింది. వాడి చెయ్యి పట్టుకుని, ఎవరికీ వినపడకూడదన్నట్టు, చిన్నగా అడిగింది:

"ఇంకేమైనా చెప్పాడా?"